‘వై-ఫై అడాప్టర్ కనబడలేదు’

శనివారం రాత్రి. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మా పీజీ, మూడో అంతస్తు, ముగ్గురు సర్దుకునే గది. ఇంటర్న్‌షిప్ చేస్తున్న కంపెనీలో సోమవారం పొద్దున 10 గంటలకి నా డెమో. అది బాగా జరిగితే ఆఫర్ లెటర్ రావచ్చు. లేదంటే కాలేజీకి తిరిగొచ్చి అందరితో పాటు ప్లేస్‌మెంట్ క్యూలో నిలబడాలి. అలాంటి వారాంతంలో బుద్ధున్నవాడెవడైనా ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మారుస్తాడా? నేను మార్చాను. నా కోడ్ విండోస్‌లో ఒకలా, ఆఫీసు సర్వర్‌లో ఇంకోలా నడుస్తోంది, నేనూ లినక్స్ వేసుకుంటే ఆ గొడవ వదిలిపోతుంది అనుకున్నాను. సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు 22.04 ఉంది. అరగంటలో ఇన్‌స్టాల్ అయిపోయింది. స్క్రీన్ అందంగా ఉంది, సౌండ్ వస్తోంది, టచ్‌ప్యాడ్ పనిచేస్తోంది. సెట్టింగ్స్‌లో వై-ఫై తెరిస్తే మాత్రం ఒకటే వాక్యం: వై-ఫై అడాప్టర్ కనబడలేదు.

ఫోన్ తీసి చూస్తే చుట్టుపక్కల 27 నెట్‌వర్కులు. పక్క పీజీది, కింద టిఫిన్ సెంటర్‌ది, ఎదురు అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌దీ. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల గాలి మొత్తం నెట్‌వర్కులతో నిండిపోయింది. నా ల్యాప్‌టాప్‌కి మాత్రం అందులో ఒక్కటీ కనబడదు. వైరు పెడదామంటే ఈ పల్చటి ల్యాప్‌టాపులకి లాన్ పోర్టే ఉండదు. ఫోన్ హాట్‌స్పాట్ కూడా వై-ఫైయే కదా, అదీ కుదరదు. డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత దీని గురించే పుట్టిందేమో.

రాత్రి రెండున్నర దాకా నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఈ వ్యాసానికి అదే ముఖ్యం. ఫోన్‌లో వెతికి, కనబడిన ప్రతి కమాండూ టెర్మినల్లో కొట్టాను. ఎవరో ఒక డ్రైవర్ సోర్స్ కోడ్ ఇచ్చారు, ఫోన్‌లోకి దించి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి కంపైల్ చేశాను. ఇంకెవరో ఫలానా పేరున్న డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టమన్నారు, పెట్టాను. కీబోర్డు మీద విమానం బొమ్మ ఉన్న బటన్ నాలుగైదు సార్లు నొక్కాను. ఒకసారి మళ్ళీ మొత్తం ఇన్‌స్టాల్ చేద్దామా అని కూడా అనుకున్నాను.

అప్పుడు మా రూమ్మేట్ అన్న షిఫ్ట్ అయిపోయి క్యాబ్ దిగి వచ్చాడు. గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో రాత్రిళ్ళు లినక్స్ సర్వర్లు చూసుకుంటాడు. కరీంనగర్ వాళ్ళు.

“ఏం తమ్మీ, ఇంకా పండలే?”

కథంతా చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూ ఒకటే అడిగాడు. “అన్ని జేసినవ్ గని, అసలు కార్డు కనవడుతున్నదా లేదా చూసినవా?”

చూడలేదు. మూడు గంటల్లో అది మాత్రం చూడలేదు.

‘వై-ఫై రావట్లేదు’ అనేది జ్వరం లాంటి మాట, రోగం పేరు కాదు. మధ్యలో చాలా మెట్లున్నాయి. మదర్‌బోర్డు మీద కార్డు ఉండాలి. ఆ కార్డు భాష తెలిసిన డ్రైవర్ కెర్నెల్‌లో ఉండాలి. ఆ డ్రైవర్ నిజంగా లోడ్ అవ్వాలి. కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, దానికి అందాలి. రేడియో ఆన్‌లో ఉండాలి. ఇవన్నీ అయ్యాకే నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ లాంటి మనకి తెలిసిన సంగతులు. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియకుండా మందు వేస్తే నాలాగే అవుతుంది.

కమాండ్ల గురించి ఒక మాట. ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

అన్న కొట్టించిన మొదటి కమాండ్ ఎల్ఎస్‌పీసీఐ, దాని వెనక ఒక ఖాళీ, ఒక హైఫన్, ఎన్ఎన్‌కే అనే మూడు అక్షరాలు. మదర్‌బోర్డుకి పీసీఐ దారిలో తగిలించి ఉన్న పరికరాలన్నీ వరసగా చూపిస్తుంది. యూఎస్‌బీ డాంగిల్ అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టాలి. ఆ జాబితాలో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అనే లైను వెతకమన్నాడు. ఉంది! అంటే కార్డు బతికే ఉంది, కరెంటు అందుతోంది.

ఆ లైను చివర బ్రాకెట్లలో రెండు నంబర్లుంటాయి, మధ్యలో కోలన్. మొదటిది చిప్ చేసిన కంపెనీది, రెండోది మోడల్‌ది. బండి నంబరు ప్లేటు మీద టీజీ 07 చూడగానే రంగారెడ్డి జిల్లా బండి అని మనకి తెలిసినట్టే, 8086 అని ఉంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 168సీ అంటే ఎథెరోస్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. ఇంటెల్ వాళ్ళు తమ పాత ప్రాసెసర్ పేరునే నంబరుగా పెట్టుకున్నారు, అది నాకు భలే నచ్చింది. ల్యాప్‌టాప్ బ్రాండ్ పేరుతో వెతికితే చెత్తంతా వస్తుంది. ఈ రెండు నంబర్లతో వెతికితే సరైన జవాబు వస్తుంది. మూడు గంటలు నేను బ్రాండ్ పేరుతో వెతికాను.

కెర్నెల్ చేసేదీ ఇదే పని. బూట్ అయ్యేటప్పుడు ప్రతి పరికరం నంబరూ చదువుతుంది. ఫలానా నంబరుకి ఫలానా మాడ్యూల్ అని రాసి ఉన్న పట్టిక ఒకటి డిస్క్‌లో ఉంటుంది. అందులో పేరు దొరికితే ఆ మాడ్యూల్‌ని లోడ్ చేస్తారు. మాడ్యూల్ అంటే ఇక్కడ డ్రైవరే, కెర్నెల్‌కి కావలసినప్పుడు తగిలించుకునే ముక్క. కార్డు ఊరికి కొత్తగా వచ్చిన మనిషి అనుకుంటే, డ్రైవర్ ఆ మనిషి భాష తెలిసిన దుబాసీ. దుబాసీ లేకపోతే కొత్తమనిషి ఎదురుగా నిలబడి ఉన్నా ఎవరికీ ఏమీ అర్థం కాదు.

మామూలుగా పరికరం కింద ఇంకో రెండు లైన్లు కూడా ఉంటాయి. ఒకటి ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’, రెండోది ‘కెర్నెల్ మాడ్యూల్స్’. మొదటిది ఇప్పుడు పనిలో ఉన్న దుబాసీ. రెండోది ఊళ్ళో ఉన్న దుబాసీల పేర్లు. నా గ్రాఫిక్స్ కార్డు కింద రెండూ ఉన్నాయి. వై-ఫై కార్డు కింద ఒక్కటీ లేదు.

“కెర్నెల్ వెర్షన్ జూడు” అన్నాడు. యూనేమ్, హైఫన్, ఆర్. వచ్చింది 5.15. సీనియర్ పెన్‌డ్రైవ్‌లోది 2022 ఏప్రిల్ నాటి మొదటి ఐఎస్ఓ. నా కార్డు నంబర్లతో వెతికితే దాని డ్రైవర్ కెర్నెల్‌లో చేరింది 6.2లో, అంటే 2023 ఫిబ్రవరిలో. పాత పంచాంగంలో కొత్త పండగ వెతికినట్టుంది నా పని. విండోస్‌లో డ్రైవర్ అంటే కంపెనీ సైట్ నుంచి విడిగా దించుకునే వస్తువు. లినక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నెల్‌తోనే పుట్టి, దానితోనే వస్తాయి. కార్డు కొత్తది, కెర్నెల్ పాతది అయితే మొదట మార్చాల్సింది కెర్నెల్‌నే.

మరి కెర్నెల్ దించడానికి ఇంటర్నెట్? నా డేటా ప్యాక్ పదకొండింటికే అయిపోయింది, పన్నెండు దాటాక వచ్చిన కొత్త రోజు కోటా కూడా సగం వాడేశాను. అన్న నవ్వాడు. “ఫోన్ల హాట్‌స్పాట్ గాదు తమ్మీ. ఫోన్‌ని పీజీ వై-ఫైకి కలుపు, కేబుల్ పెట్టు, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్.” చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది కుదురుతుంది. ఫోన్ తన వై-ఫైతో తెచ్చిన ఇంటర్నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇస్తుంది. అప్పుడు కెర్నెల్‌కి ఫోన్ మామూలు యూఎస్‌బీ ఈథర్‌నెట్ కార్డులా కనబడుతుంది, ఆ రకం కార్డులకి డ్రైవర్లు ఎప్పటి నుంచో కెర్నెల్‌లో ఉన్నాయి. పది సెకన్లలో ఇంటర్నెట్ వచ్చింది. ఇదొక్కటి తెలిసుంటే శనివారం రాత్రి పది గంటలకే సగం కష్టం తీరేది.

సోమవారం దాకా అలాగే కేబుల్‌తో నెట్టుకురావచ్చు కదా అంటారేమో. ఆఫీసు సర్వర్ ఆఫీసు వై-ఫై నుంచే అందుతుంది, ఇంటర్న్‌ల ఫోన్లకి ఆ వై-ఫై ఇవ్వరు. ల్యాప్‌టాపే నేరుగా కలవాలి.

ఉబుంటు పాత ఎల్‌టీఎస్‌లకి కూడా కొత్త కెర్నెల్ ఇస్తుంది, దాన్ని హెచ్‌డబ్ల్యూఈ అంటారు. 22.04కి అలా 6.8 దాకా వచ్చింది. దానితో పాటు ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా అప్‌డేట్ పెట్టాం. అన్నీ కలిపి పెద్ద డౌన్‌లోడే, పీజీ వై-ఫై వేగం మీకు తెలిసిందే. ఆ ఖాళీలో నేను అంతకుముందు కంపైల్ చేసిన డ్రైవర్ ఎందుకు పనిచేయలేదో అన్న విప్పి చెప్పాడు.

అది లోడ్ చేయబోతే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వచ్చింది. కోడ్‌లో తప్పేమో అనుకున్నాను. కాదు, అది సెక్యూర్ బూట్ పని. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఉబుంటు లాంటి పంపిణీల్లో కెర్నెల్ తనకి తెలిసిన సంతకం ఉన్న మాడ్యూల్‌నే లోపలికి రానిస్తుంది. పంపిణీతో వచ్చే డ్రైవర్ల మీద వాళ్ళ సంతకం ఉంటుంది. మనం ఇంట్లో కంపైల్ చేసిన దాని మీద ఉండదు. మన సంతకం కూడా చెల్లాలంటే ఒక కీ తయారు చేసి, మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో నమోదుకి పెట్టి, ఒక పాస్‌వర్డ్ ఇచ్చి, రీబూట్ చేయాలి. అప్పుడొక నీలం స్క్రీన్ వస్తుంది. అందులో ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది ఆ స్క్రీన్ చూసి కంగారుపడి ఎంటర్ నొక్కేస్తారు, బూట్ ముందుకెళ్ళిపోతుంది, కీ నమోదు కాదు. నేనూ అదే చేశాను. సెక్యూర్ బూట్ ఆపేయండి అని చాలామంది సలహా ఇస్తారు, పని కూడా అవుతుంది. నా మటుకు అది తాళం చెవి కనబడలేదని తలుపే పీకేసినట్టు అనిపిస్తుంది.

ఇంట్లో కంపైల్ చేసిన డ్రైవర్‌తో ఇంకో తంటా ఉంది. అది ఆ ఒక్క కెర్నెల్ వెర్షన్‌కే సరిపోతుంది. రేపు కెర్నెల్ అప్‌డేట్ అయితే మళ్ళీ కంపైల్ చేయాలి. ఆ పని దానంతట అదే జరిగేలా డెల్‌లో లినక్స్ పనిచేసేవాళ్ళు డీకేఎంఎస్ అనే పద్ధతి తయారుచేశారు. డ్రైవర్ కెర్నెల్‌లో అసలే లేకపోతే డీకేఎంఎస్ దారి మంచిది. ఉంటే మాత్రం దాని జోలికి పోకండి.

నిజానికి ఇప్పటి పరిస్థితి చాలా నయం. ఒకప్పుడు కొన్ని కార్డులకి లినక్స్ డ్రైవరే లేక, విండోస్ డ్రైవర్ ఫైలునే లినక్స్‌లో నడిపించే ఎన్‌డీఐఎస్ రాపర్ అనే ఉపాయం వాడేవాళ్ళు. బ్రాడ్‌కామ్ చిప్పులకైతే బయటి ప్రోగ్రామర్లు చిప్ ఎలా ప్రవర్తిస్తుందో బయటి నుంచే ఆరా తీసి, సొంతంగా డ్రైవర్ రాసుకున్నారు. ఆ కంపెనీ తనంతట తాను ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది 2010 సెప్టెంబర్‌లో. ఎథెరోస్ అంతకు రెండేళ్ళ ముందే, 2008లో, ఏథ్9కే ఇచ్చింది. ఆ ఎథెరోస్‌ని 2011లో క్వాల్‌కామ్ కొంది. క్వాల్‌కామ్‌కి మన హైదరాబాద్‌లోనే పెద్ద కేంద్రం ఉంది. కెర్నెల్‌లో ప్రతి మార్పు కిందా రాసినవాళ్ళ పేరు, ఈమెయిల్ ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు. ఏ వై-ఫై డ్రైవర్‌దైనా ఆ చరిత్ర ఒకసారి తిరగేయండి. మన దేశం పేర్లు కనబడతాయి.

మూడు ముప్పావుకి రీబూట్. యూనేమ్ 6.8 అంది. ఎల్ఎస్‌పీసీఐలో ఈసారి ‘కెర్నెల్ మాడ్యూల్స్’ లైను వచ్చింది, దుబాసీ ఊళ్ళోకి వచ్చాడు. ‘డ్రైవర్ ఇన్ యూజ్’ లైను మాత్రం లేదు. సెట్టింగ్స్‌లో మళ్ళీ అదే వాక్యం.

నా మొహం చూసి అన్న, “ఆగు, చేత్తోటి పిలుద్దాం” అన్నాడు. సుడో మోడ్‌ప్రోబ్, పక్కన మాడ్యూల్ పేరు. ఎంటర్ కొట్టగానే పైన మూల వై-ఫై గుర్తు ప్రత్యక్షం! నేను లేచి చప్పట్లు కొట్టబోయాను, మూడో మంచం మీద పడుకున్నవాడు తిట్టాడు. అన్న మాత్రం సంతోషపడలేదు. మళ్ళీ రీబూట్ చేయించాడు. మళ్ళీ మాయం.

“పేరు వెట్టి పిలిస్తే వస్తున్నడు, తనంతల తాను వస్తలేడు. అంటే ఎవరో రావద్దన్నరు. ఎవరన్నరు తమ్మీ?”

నేనే. పదకొండున్నరకి అతికించిన బ్లాక్‌లిస్ట్ లైను. ఆ బయటి డ్రైవర్‌కి అడ్డు రాకుండా కెర్నెల్ సొంత డ్రైవర్‌ని ఆపమని ఆ సలహా ఇచ్చినవాళ్ళు రాశారు. వాళ్ళ లెక్కలో అది సరైనదే. నా దగ్గర బయటి డ్రైవర్ లోడ్ కాలేదు, లోపలి డ్రైవర్ అప్పటికి లేనే లేదు, కాబట్టి ఆ లైను వల్ల ఏ తేడా తెలియలేదు. సరైన డ్రైవర్ వచ్చాక అదే దానికి అడ్డుపడింది. బ్లాక్‌లిస్ట్ అనేది కెర్నెల్ నంబరు చూసి దానంతట అది పిలవడాన్నే ఆపుతుంది, మనం పేరు పెట్టి పిలిస్తే ఆపదు. అందుకే చేత్తో పిలిస్తే వచ్చాడు. ఈటీసీ ఫోల్డర్‌లో మోడ్‌ప్రోబ్ డాట్ డీ అనే సబ్‌ఫోల్డర్ ఉంటుంది, నేను పెట్టిన ఫైలు అందులో ఉంది. తీసేశాం. అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా నడపమన్నాడు, ఎందుకంటే బూట్ మొదట్లో వాడే చిన్న ఇమేజ్‌లో ఆ పాత ఫైలు కాపీ ఉండిపోవచ్చు.

రీబూట్. ‘డ్రైవర్ ఇన్ యూజ్’ వచ్చింది. అయినా నెట్‌వర్కుల జాబితా ఖాళీ.

ఇది చిన్నదే. ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొడితే వైర్‌లెస్ దగ్గర ‘సాఫ్ట్ బ్లాక్డ్: ఎస్’ అని ఉంది. విమానం బటన్ నేను నొక్కిన సార్లు బేసి సంఖ్య అయ్యుంటుంది. ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే తీరిపోయింది. అక్కడ ‘హార్డ్ బ్లాక్డ్’ అని ఉంటే మాత్రం కమాండ్ చాలదు, ల్యాప్‌టాప్ మీద స్విచ్చో, బయోస్ సెట్టింగో చూడాలి.

నాకు ఎదురుకాని మెట్టు ఒకటుంది, మీకు ఎదురుకావచ్చు. డ్రైవర్ ఉండి ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోవడం. డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే ఐదు అక్షరాల కమాండ్ కెర్నెల్ డైరీని చూపిస్తుంది. అందులో ఫర్మ్‌వేర్ ఫలానా ఫైలు లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2 అని ఉంటే, ఆ 2కి అర్థం ‘ఫైలు లేదు’ అని, అంతే. కార్డు పాడైపోలేదు. లైసెన్స్ పట్టింపుల వల్ల డెబియన్ చాలా ఏళ్ళు ఈ ఫైళ్ళని ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి పెడుతున్నారు.

ఐదు కావస్తుండగా జాబితాలో పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. పీజీది, టిఫిన్ సెంటర్‌ది, ఎదురు ఫ్లాట్లవి.

ఆదివారం మధ్యాహ్నం లేచాక కోడ్ నడిపి చూస్తుంటే నెట్ మధ్యమధ్యలో నత్తలా అయిపోతోంది. బ్యాటరీ ఆదా కోసం ఉబుంటు వై-ఫై పవర్ సేవింగ్‌ని ఆన్‌లో పెట్టి ఇస్తుంది. కొన్ని కార్డులకి అది పడదు. నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల ఫోల్డర్‌లో వైఫై డాట్ పవర్‌సేవ్ అనే లైనులో 3 బదులు 2 పెట్టి, సర్వీస్ రీస్టార్ట్ చేస్తే సర్దుకుంది. ఈ అంకెల్లో 3 అంటే ఆన్, 2 అంటే ఆఫ్. ఎందుకలా పెట్టారో నన్నడగకండి.

ఆ సాయంత్రం టీ తాగుతూ అన్న తన ఆఫీసు సంగతొకటి చెప్పాడు. ఒక సర్వర్ రోజంతా మందంగా ఉందట. నలుగురు నాలుగు చోట్ల సాఫ్ట్‌వేర్ మార్చారు. ఈయన రాత్రి వచ్చి ఈథ్‌టూల్ కొడితే కార్డు వేగం 1000 బదులు 100 మెగాబిట్లు అని చూపించింది. గిగాబిట్‌కి కేబుల్‌లో ఉన్న నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100కి రెండు జతలు చాలు. ఒక తీగ తెగినట్టుంది, కార్డు పాపం ఉన్నదాంతో సర్దుకుని పనిచేస్తోంది. కేబుల్ మార్చి కూర్చున్నాడు. డ్రైవర్ పేరు, వెర్షన్ తెలియాలంటే అదే కమాండ్‌కి హైఫన్ ఐ తగిలించాలి.

డాంగిల్ కొనుక్కుంటే పోలా అనుకునేవాళ్ళకి చిన్న హెచ్చరిక. రాయదుర్గంలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే సికింద్రాబాద్ సీటీసీ దగ్గరే, అక్కడ రకరకాలు దొరుకుతాయి. కానీ డబ్బా మీద బ్రాండ్, మోడల్ ఒకటే ఉన్నా లోపల వెర్షన్‌ని బట్టి చిప్ మారిపోతుంది. కొనే ముందు చిప్ పేరు కనుక్కుని, దానికి కెర్నెల్‌లో డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి. పక్కన మా అన్న లాంటివాళ్ళు లేకపోతే, గచ్చిబౌలిలో స్వేచ్ఛ వాళ్ళున్నారు. తెలుగులో లినక్స్ తెచ్చిందీ, కాలేజీల్లో లినక్స్ యూజర్ గ్రూపులు పెట్టించిందీ వాళ్ళే. ఎవరిని అడిగినా సరే, ఎల్ఎస్‌పీసీఐలో మీ కార్డు లైన్లు, కెర్నెల్ వెర్షన్, డైరీలో కార్డు గురించి ఉన్న నాలుగు ముక్కలు పట్టుకెళ్ళండి. ‘వై-ఫై రావట్లేదన్నా’ అని ఊరికే వెళితే వాళ్ళు మొదట అడిగేవి ఇవే.

సోమవారం తొమ్మిదిన్నరకి ఆఫీసులో మూత తెరిచాను. పేరు కనబడింది, పాస్‌వర్డ్ కొట్టాను, కలిసింది. డెమోలో వాళ్ళడిగిన మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు చెప్పగలిగాను, మూడోదానికి నీళ్ళు నమిలాను. ఆఫర్ సంగతి ఇంకా తేలలేదు. సీనియర్ పెన్‌డ్రైవ్‌లో పాత ఐఎస్ఓ తీసేసి, కొత్తది రాసి తిరిగిచ్చేశాను.